వాగ్దాన దేశం పంపకం: ఎక్కడో చీటీ చెప్పింది, ఎంతో తలల లెక్క చెప్పింది

ఇశ్రాయేలు గోత్రాలకు కనాను దేశం పంచిన తీరుమీద అడిగిన ప్రశ్నలు మూడు. సంఖ్యాకాండము 26వ అధ్యాయంలో ఎక్కువమంది ఉన్న గోత్రానికి ఎక్కువ, తక్కువమంది ఉన్నదానికి తక్కువ ఇవ్వమని ఉంది. ఆ పక్క వచనంలోనే చీట్లు వేసి పంచమనీ ఉంది. రెండూ ఒకచోట ఎలా కుదురుతాయి? గుడార సేవకు కేటాయించిన గోత్రమైన లేవీయులకు భూమి లేదన్నాక వాటాలు 12 ఎలా అయ్యాయి? బైబిలు చివర ఉండే మ్యాపులో దాను కింద ఒకసారి, పైన ఒకసారి ఎందుకు కనబడుతుంది?

తేలిగ్గా తేలిపోయే రెండోదాంతో మొదలుపెడదాం.

యాకోబు కొడుకులు 12 మంది. వాళ్లలో లేవికి భూభాగం లేదు కాబట్టి 11. యోసేపు పేరుమీద కూడా వాటా లేదు, 10. అతని ఇద్దరు కొడుకులు మనష్షే, ఎఫ్రాయిము చెరో గోత్రంగా లెక్కకొచ్చారు, మళ్లీ 12. దీనికి ఆధారం ఆదికాండము 48లో ఉంది. రూబేను, షిమ్యోను ఎలాగో ఈ మనవళ్లిద్దరూ తనకు అలాగే అని యాకోబు వాళ్లను కొడుకుల వరసలో కలుపుకున్నాడు. ద్వితీయోపదేశకాండము 21:17 ప్రకారం జ్యేష్ఠుడికి రెండు పాళ్లు. రూబేను తప్పువల్ల ఆ జ్యేష్ఠత్వం యోసేపు కొడుకులకు వెళ్లిందని 1 దినవృత్తాంతములు 5వ అధ్యాయం చెబుతుంది. అంటే యోసేపు ఇంటికి వచ్చిన రెండు వాటాలు అదనపు దయ కాదు, జ్యేష్ఠ భాగం. పుట్టుక జాబితాకూ భూమి జాబితాకూ పేర్లు ఎందుకు కలవవని కంగారుపడేవాళ్లు ఇది గుర్తుపెట్టుకుంటే చాలు.

ముందుకెళ్లే ముందు మాటల సంగతి ఒకటి. తెలుగు బైబిల్లో వచ్చే ‘స్వాస్థ్యము’ ఆరోగ్యం కాదు, వారసత్వంగా వచ్చే స్థిరాస్తి. హీబ్రూలో నహలా. ‘వంతుచీటి’ అన్నది గోరాల్. ఆ మాట చీటీకీ వాడతారు, చీటీవల్ల దక్కిన భూమికీ వాడతారు. ఇంకోటి హెబెల్, అంటే తాడు. కొలతాడుతో కొలిచిన పాలు కాబట్టి పాలుకే ఆ పేరు వచ్చింది. యెహోషువ 17:5లో మనష్షేకు 10 ‘పాళ్లు’ వచ్చాయన్నచోట ఉన్నది ఈ తాడే.

ఇక అసలు పని. ఒకేరోజు 12 చీట్లు తీసేసి అయిపోయిందనిపించిన పంపకం కాదిది. మూడు విడతల్లో, మూడు చోట్ల, మూడు పద్ధతుల్లో జరిగింది. దీన్ని గమనించకుండా చదివితే యెహోషువ 13 నుంచి 21 దాకా ఒక్క అధ్యాయమూ అర్థం కాదు.

మొదటి విడత మోషే బతికుండగానే, యొర్దానుకు తూర్పున జరిగింది. ఇక్కడ చీటీ ఊసే లేదు. అమోరీయుల రాజు సీహోను, బాషాను రాజు ఓగు ఓడిపోయాక ఆ నేల ఖాళీ అయింది. రూబేనీయులకూ గాదీయులకూ మందలు ఎక్కువ, గిలాదు మేతకు మంచిది. మాకిదే చాలు, యొర్దాను దాటించవద్దని వాళ్లే వచ్చి అడిగారు (సంఖ్యాకాండము 32). మోషే షరతు పెట్టాడు. యుద్ధానికి తగిన మగవాళ్లందరూ ఆయుధాలతో ముందు నడవాలి, మిగతా గోత్రాలకు స్వాస్థ్యం దక్కేదాకా ఇంటికి తిరిగి రాకూడదు, అప్పుడే ఈ నేల మీది. మనష్షేలో మాకీరు, యాయీరు, నోబహు వర్గాలు గిలాదు, బాషాను ప్రాంతాలను తామే గెలుచుకున్నాయి గనుక అర్ధగోత్రం అక్కడే ఉండిపోయింది. యెహోషువ 4:13 ప్రకారం నది దాటినవాళ్లు సుమారు 40,000. రూబేను 43,730, గాదు 40,500, మనష్షే 52,700లో సగం కలిపితే 1,10,000 దాటుతుంది. అంటే ఎక్కువమంది ఇళ్లనూ మందలనూ కాస్తూ తూర్పునే ఉండిపోయారు. షరతు ‘అందరూ’ అన్నదాన్ని ఇంత సడలించి ఎలా అమలుచేశారో వచనం వివరించదు.

ఈ తూర్పు భాగానికి ఒక లోటుంది. సంఖ్యాకాండము 34లో చెప్పిన కనాను ఎల్లల్లో ఇది లేదు. అక్కడి ఎల్లలు ఇవి: దక్షిణాన ఉప్పు సముద్రం కొస నుంచి కాదేషు బర్నేయ మీదుగా ఐగుప్తు వాగు, పడమట మహాసముద్రం, ఉత్తరాన హమాతుకు పోయే దారి, తూర్పున కిన్నెరెతు సముద్రం, అక్కణ్ణుంచి యొర్దాను. నది అవతలివాళ్లు తమ వాటా గట్టిదేనా అని తర్వాతి తరాల్లో భయపడటానికి కారణం ఇదే. యెహోషువ 22లో నది ఒడ్డున పెద్ద బలిపీఠం కట్టి, యుద్ధందాకా వెళ్లి, ఇది బలులకు కాదు, మాకూ పాలుందనడానికి సాక్ష్యం మాత్రమే అని సర్దిచెప్పుకున్న ఘట్టం ఆ భయం లోంచే పుట్టింది.

రెండో విడత గిల్గాలు దండులో. పంచే పెద్దల పేర్లు సంఖ్యాకాండము 34 చివర ముందే ఉన్నాయి: యాజకుడు ఎలియాజరు, మోషే తర్వాతి నాయకుడు యెహోషువ, వాళ్లతో గోత్రానికొక ప్రధాని చొప్పున 10 మంది. రూబేనుకూ గాదుకూ అందులో మనిషి లేడు, వాళ్ల లెక్క తేలిపోయింది కాబట్టి. మొత్తం 12 మంది. ఇక్కడ ముందు తేలినవి యూదా, యోసేపు ఇంటివారు, అంటే దేశానికి దక్షిణపు కొండలు, నడిమి కొండలు. యూదా చీటీకంటే ముందు కాలేబు వచ్చి హెబ్రోను అడిగాడు. కాదేషు బర్నేయనుంచి వేగు చూడ్డానికి వెళ్లినప్పుడు అతనికి 40 ఏళ్లు, ఇప్పుడు 85. కాదేషునుంచి జెరెదు వాగు దాటేదాకా 38 ఏళ్లు పట్టిందని ద్వితీయోపదేశకాండము 2:14 చెబుతోంది. 45లోంచి 38 తీసేస్తే 7. కనానులో యుద్ధం సుమారు ఏడేళ్లు నడిచిందని పండితులు చెప్పే లెక్క ఇక్కడిదే.

మూడో విడత షిలోహులో. ప్రత్యక్షపు గుడారం అక్కడ నిలిపాక కూడా ఏడు గోత్రాలకు ఇంకా భూమి లేదు. ఎన్నాళ్లు ఆలస్యం చేస్తారని యెహోషువ మందలించి, ఈసారి పద్ధతి మార్చాడు. గోత్రానికి ముగ్గురిని ఎన్నుకోమన్నాడు. వాళ్లు దేశమంతా నడిచి, పట్టణాల వరసన ఏడు భాగాలుగా గ్రంథంలో రాసి తీసుకురావాలి. యూదా దక్షిణాన, యోసేపు ఇంటివారు ఉత్తరాన కదలకుండా ఉంటారు. రాసింది చేతికొచ్చాక, యెహోవా సన్నిధిలో చీట్లు (యెహోషువ 18:4–10). బెన్యామీను, షిమ్యోను, జెబూలూను, ఇశ్శాఖారు, ఆషేరు, నఫ్తాలి, దాను, ఈ వరసలో చీట్లు పడ్డాయి.

ముందు సర్వే, ఆ తర్వాత రాతపూర్వకమైన రికార్డు, చివర్లో చీటీ. మీ మొదటి ప్రశ్నకు సగం జవాబు ఈ వరసలోనే ఉంది. మన ఊళ్లలో అన్నదమ్ముల పంపకంలో పెద్దమనుషులు చేసేదీ ఇంతే. ముందు భాగాలు వేస్తారు. చవిటి నేల పడే భాగానికి కొంత విస్తీర్ణం కలుపుతారు, బావి ఉన్న భాగంలో కొంత తగ్గిస్తారు. ఎవరికే భాగం వచ్చినా ఏడవనక్కర్లేదనిపించాకే చీట్లు తీస్తారు. చీటీ న్యాయం చేయదు. న్యాయం భాగాలు వేయడంలో జరిగిపోతుంది. పంచినవాడు పక్షపాతం చూపాడన్న మాట రాకుండా ఆపడం వరకే చీటీ పని.

మరి పెద్ద గోత్రానికి పెద్దది ఎలా? దీనిమీద పాతకాలం నుంచీ రెండు వాదాలున్నాయి. యూదు వ్యాఖ్యాత రాషీ (1040–1105) ప్రకారం వాటాలు సమానం కావు. గోత్రం తలల లెక్కకు తగ్గట్టే భాగాలు చేశారు, ఎవరి భాగం ఎవరికి పడాలో దైవికంగా చీటీలో సరిగ్గా అలాగే పడింది. ఇంకో యూదు వ్యాఖ్యాత నాహ్మనిడీస్ (1194–1270) ఒప్పుకోడు. గోత్రాల మధ్య 12 సమాన భాగాలే, ‘ఎక్కువమందికి ఎక్కువ’ అన్నది గోత్రం లోపల వంశాల మధ్య పంపకానికి వర్తిస్తుందంటాడు. తాము ఎక్కువమందిమి, ఇచ్చింది తక్కువని యోసేపు కొడుకులు ఫిర్యాదు చేయడమే అందుకు సాక్ష్యమంటాడు. ఇప్పటి వ్యాఖ్యాతలు చాలామంది చెప్పే మూడో దారి ఉంది. చీటీ ప్రాంతాన్ని తేల్చింది, ఆ ప్రాంతంలో ఎల్ల ఎంతదాకా జరపాలో పెద్దలు తలల లెక్క చూసి తేల్చారు. మూడింటిలోకీ వచనానికి ఇదే బాగా దగ్గరగా ఉంటుంది, ఎందుకంటే తర్వాత ఎల్లలు సవరించిన ఉదాహరణలు వచనంలోనే ఉన్నాయి.

షిమ్యోను సంగతి చూడండి. అరణ్యంలో మొదటి జనాభా లెక్కలో 59,300, రెండోదాంట్లో 22,200. సగానికంటే ఎక్కువ తరిగిపోయింది. మొత్తం 6,01,730లో వాళ్లది 4 శాతం కూడా లేదు. యూదా 76,500, దాదాపు 13 శాతం. యూదాకు ముందే ఇచ్చింది ‘వారికి ఎక్కువ’ అయిందని యెహోషువ 19:9 సూటిగా ఒప్పుకుని, షిమ్యోనుకు యూదా ఎల్లల లోపలే ఊళ్లు ఇచ్చింది. చుట్టూ గీత గీసిన భూభాగం కాదు, ఊళ్ల జాబితా మాత్రమే. బెయేర్షెబా, హోర్మా, సిక్లగు లాంటివి. ఇవే ఊళ్లు 15వ అధ్యాయంలో యూదా జాబితాలోనూ ఉంటాయి. మ్యాపు గీసేవాళ్లు షిమ్యోనుకు వేరే రంగు వేసి గుండ్రంగా ఎల్ల గీస్తే అది వాళ్ల ఊహ. చుక్కలు పెట్టాలి, గీత గీయకూడదు.

విస్తీర్ణం ఒక్కటే కొలత కాదన్నది కూడా పాత మాటే. యూదు పండితుల చర్చల సంకలనమైన తాల్మూదులో, బాబా బత్రా అనే భాగం 122వ పుటలో ఈ భూమిని కొలతతో కాక విలువతో పంచారనీ, యూదయలో ఒక సెయా (పాత యూదు కొలత) నేల గలిలయలో ఐదు సెయాలకు సమానమనీ ఉంది. చీట్లు తీసిన తీరు కూడా అక్కడే చెబుతారు: ఒక కుండలో గోత్రాల పేర్లు, ఇంకో కుండలో ఎల్లల చీట్లు, ఎలియాజరు ఊరీము తుమ్మీములు (దేవుని చిత్తం తెలుసుకోడానికి యాజకుడు వాడేవి) ధరించి ఉండగా రెండింటినుంచీ తీసినవి జతపడ్డాయి. ఇది తర్వాతి సంప్రదాయం, యెహోషువ గ్రంథంలో కుండల ప్రస్తావన లేదు. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ కూడా భూమి కొలవడం తెలిసినవాళ్లను పంపి, నేల మంచిచెడ్డలు అంచనా కట్టించారని రాశాడు. ప్రసంగాల్లో ఈ రెండిటినీ వచనంలో ఉన్నట్టే చెప్పేస్తుంటారు, విడిగా పెట్టుకోండి.

ఇప్పుడు మనష్షే. పంపకం లోపలి పంపకం ఎలా సాగిందో ఇంత దగ్గరగా కనబడేది ఇక్కడొక్కచోటే, కాబట్టి కొంచెం ఆగుదాం. యొర్దానుకు పడమట మనష్షేలో ఆరు వంశాలు: అబీయెజెరు, హెలెకు, అశ్రీయేలు, షెకెము, హెపెరు, షెమీదా. హెపెరు కొడుకు సెలోపెహాదుకు మగపిల్లలు లేరు, ఐదుగురు కూతుళ్లు: మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. కొడుకు లేడని మా తండ్రి పేరు వంశంలోంచి ఎందుకు పోవాలని వాళ్లు మోషే ముందు నిలబడి అడిగారు. వాళ్ల మాట న్యాయమని తీర్పొచ్చింది. దాన్నే చట్టం చేశారు: కొడుకు లేకపోతే కూతురు, కూతురు లేకపోతే అన్నదమ్ములు, వాళ్లూ లేకపోతే తండ్రి అన్నదమ్ములు, ఆ తర్వాత వంశంలో దగ్గరి బంధువు. ఆ తర్వాత గోత్ర పెద్దలు అభ్యంతరం తెచ్చారు. ఈ పిల్లలు వేరే గోత్రంలో పెళ్లి చేసుకుంటే భూమి ఆ గోత్రానికి పోతుంది, అమ్మిన భూమి పాత వంశానికి తిరిగొచ్చే సునాద సంవత్సరం వచ్చినా తిరిగి రాదు. అందుకని సంఖ్యాకాండము 36లో సవరణ: ఎవరిని కావాలంటే వాళ్లను చేసుకోవచ్చు, కాకపోతే తండ్రి గోత్రంలోనే. వాళ్లు పినతండ్రుల కొడుకులను చేసుకున్నారు.

లెక్క చూడండి. హెపెరు వాటా తీసేస్తే ఐదు మగ వంశాలు, హెపెరు స్థానంలో ఐదుగురు అక్కచెల్లెళ్లు. ఐదూ ఐదూ 10. యెహోషువ 17:5లో గిలాదు, బాషాను కాక మనష్షేకు 10 పాళ్లన్నది ఇదే. ఇది కాగితం మీది లెక్కేనా అంటే, కాదు. 1910లో సమరయ తవ్వకాల్లో సిరాతో రాసిన కుండపెంకులు బయటపడ్డాయి. క్రీ.పూ. 8వ శతాబ్దానివి. పాత ద్రాక్షారసం, నూనె ఏ ప్రాంతం నుంచి ఎవరికి వచ్చిందో రాసుకున్న రసీదుల్లాంటివి. వాటిలో ప్రాంతాల పేర్లుగా అబీయెజెరు, అశ్రీయేలు, హెలెకు, షెకెము, షెమీదా, వాటి పక్కనే నోయా, హొగ్లా ఉన్నాయి. పదింటిలో ఏడు. ఆడపిల్లల పేర్లమీద భూమి, ఆ పేర్లతోనే పన్ను లెక్కల్లో శతాబ్దాల తర్వాత కూడా నిలిచింది. తిర్సా అన్నది ఉత్తర రాజ్యానికి సమరయకంటే ముందటి రాజధాని పేరు కూడా.

మనష్షే ఎఫ్రాయిముల మధ్య ఎల్ల కానా వాగు. దక్షిణం ఎఫ్రాయిము, ఉత్తరం మనష్షే. కానీ తప్పూయ దగ్గర గీత మెలితిరిగింది. తప్పూయ పొలాలు మనష్షేవి, తప్పూయ ఊరు ఎఫ్రాయిముది (17:8). వాగుకు ఆ ఒడ్డున ఎఫ్రాయిముకు మనష్షే ఊళ్ల మధ్య ప్రత్యేకించిన పట్టణాలున్నాయి. మనష్షేకేమో ఇశ్శాఖారు, ఆషేరు లోపల బేత్షెయాను, ఇబ్లెయాము, దోరు, తానాకు, మెగిద్దో. కాబట్టి మ్యాపులో నీటుగా కనిపించే రంగుల మధ్య నిజానికి చిల్లులూ అతుకులూ చాలా ఉన్నాయి.

యోసేపు ఇంటివారి ఫిర్యాదుకూ అంకెలతో చూస్తే కొంత బలముంది. ఎఫ్రాయిము 32,500, మనష్షే 52,700, కలిపి 85,200. యూదాకంటే ఎక్కువ. ఒక్క వంతుచీటీ, ఒక్క పాలు ఏమిటని అడిగారు. యెహోషువ తనూ ఎఫ్రాయిమీయుడే, అయినా కొత్త భూమి ఇవ్వలేదు. అడవి నరికి చదును చేసుకోండన్నాడు. కొండ చాలదు, లోయలో కనానీయులకు ఇనుప రథాలున్నాయని వాళ్లన్నారు. కొండనేలలో అడవి కొట్టి సేద్యం పెంచడం అప్పటికి చేతిలో ఉన్న దారి. యెజ్రెయేలు లోయ అప్పటికి చేతిలో లేదు. తూర్పున మనష్షే సగానికి ముందే దక్కిన నేలను వాళ్లు ఫిర్యాదులో చెప్పలేదన్నది కూడా గమనించాలి. పంపకాల్లో ముందు పుచ్చుకున్నది ఎవరూ గుర్తుచేయరు.

లేవీయుల దగ్గరికొద్దాం. భూమి లేదంటే నిలువనీడ లేదని కాదు. భూభాగం లేదు, పట్టణాలున్నాయి. 48. యెహోషువ 21 ప్రకారం అహరోను వంశపు యాజకులకు 13 (యూదా, షిమ్యోను నుంచి 9, బెన్యామీను నుంచి 4), మిగతా కహాతీయులకు 10, గెర్షోనీయులకు 13, మెరారీయులకు 12; ఈ మూడూ లేవీ వంశశాఖలు. సంఖ్యాకాండము 35:8లో పెద్ద గోత్రం ఎక్కువ ఊళ్లివ్వాలని నియమం. ఆచరణలో దాదాపు అందరూ నాలుగేసి ఇచ్చారు, నఫ్తాలి మూడు. ఇందులోవే ఆరు ఆశ్రయపురాలు, తూర్పున మూడు, పడమట మూడు, నదికి అటూ ఇటూ ఎదురెదురు జతల్లా: గోలాను–కెదెషు, గిలాదు రామోతు–షెకెము, బేసెరు–హెబ్రోను. తెలియక మనిషిని చంపినవాడు అప్పటి ప్రధాన యాజకుడు చనిపోయేదాకా అక్కడే ఉండాలి.

పట్టణం చుట్టూ మేతభూమి కొలత దగ్గర అందరికీ లెక్క తప్పుతుంది. ఒక వచనం గోడనుంచి 1,000 మూరలు అంటుంది, పక్క వచనం ఒక్కో దిక్కున 2,000 మూరలు కొలవమంటుంది. మూర సుమారు 45 సెంటీమీటర్లు. ఊరిని చుక్కగా అనుకుంటే నాలుగు వైపులా 1,000 చొప్పున వెళ్తే 2,000 మూరల చదరం వస్తుంది, భుజం 900 మీటర్లు, దాదాపు 200 ఎకరాలు. సరిపోయింది కదా అనిపిస్తుంది. కానీ ఊరికి కూడా వెడల్పుంటుంది. 300 మూరల ఊరైతే చదరం 2,300 అవ్వాలి. అందుకే రాషీ మొత్తం 2,000 తీసుకుని, లోపలి వెయ్యి ఖాళీ మేతభూమి, బయటి వెయ్యి పొలాలూ తోటలూ అన్నాడు. ఇంకో యూదు పండితుడు మైమోనిడీస్ ఇంకా పెంచి 1,000 మేతభూమి, దాని అవతల 2,000 పొలాలు, మొత్తం 3,000 అన్నాడు. సండే స్కూల్లో బోర్డుమీద గీయాలంటే 1,000 ఒక్కటే గీసి, 2,000 గురించి రెండు వివరణలున్నాయని చెప్పడం మంచిది.

హెబ్రోను మాత్రం ప్రత్యేకం. అది కాలేబుకిచ్చారు, యాజకులకూ ఇచ్చారు. పొరపాటు కాదు, యెహోషువ 21:11–12 విడదీసి చెబుతోంది. ఊరూ చుట్టూ మేతభూమీ యాజకులవి, బయటి పొలాలూ పల్లెలూ కాలేబువి. ఒకే ఊరికి రెండు రకాల హక్కుదారులు.

ఇచ్చిన భూమి చేతులు మారకుండా ఏం చేశారన్నది లేవీయకాండము 25. శాశ్వతంగా అమ్మకూడదు. 50వ ఏట, సునాద సంవత్సరంలో, పొలం తిరిగి పాత వంశానికి రావాలి. కాబట్టి అమ్మకం ధర భూమికి కాదు, సునాదం దాకా మిగిలిన పంటల లెక్కకు. 40 ఏళ్లుంటే ఎక్కువ, 5 ఏళ్లుంటే తక్కువ. మన భాషలో చెప్పాలంటే ముందే డబ్బు తీసుకునే దీర్ఘకాలపు కౌలు. గోడ ఉన్న పట్టణంలో ఇల్లు మాత్రం వేరు: ఏడాదిలోపు విడిపించుకోకపోతే కొన్నవాడిదే. లేవీయుల ఇళ్లకు ఆ గడువు లేదు, ఎప్పుడైనా విడిపించుకోవచ్చు. వాళ్ల మేతభూమి అసలు అమ్మడానికే లేదు. హద్దురాయి జరపడం మీద నిషేధం ద్వితీయోపదేశకాండము 19:14లో ఉంది.

యెహోషువ అధ్యాయాలు చదవడంలో పనికొచ్చే సంగతొకటి: అక్కడ రెండు రకాల రికార్డులు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి ఎల్లగీత: ఫలానా ఊటనుంచి ఫలానా లోయ మీదుగా ఫలానా కొండకు. ఇంకోటి ఊళ్ల జాబితా. యూదాకూ బెన్యామీనుకూ రెండూ ఉన్నాయి. ఎఫ్రాయిముకు గీత ఉంది, ఊళ్ల జాబితా లేదు. షిమ్యోనుకూ దానుకూ జాబితా ఉంది, గీత లేదు. ఊళ్ల సంఖ్యలు కూడా ప్రతిచోటా కలవవు. 15:36లో 14 పట్టణాలంటుంది, పేర్లు లెక్కపెడితే 15. జర్మన్ పండితుడు ఆల్బ్రెక్ట్ ఆల్ట్ 1920ల్లో ఈ తేడా పట్టుకుని, ఎల్లగీతలు రాజుల కాలానికి ముందువనీ, యూదా ఊళ్ల జాబితా క్రీ.పూ. 7వ శతాబ్దంలో యోషీయా రాజు నాటి పాలనా జిల్లాలదనీ వాదించాడు. ఆ కాలాలు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా రెండు రకాల కాగితాలన్న గమనిక మాత్రం చదివేవాడికి చాలా మేలు చేస్తుంది.

గీతలు ఎంత జాగ్రత్తగా రాశారో చూడాలంటే 15:5–9, 18:15–19 పక్కపక్కన పెట్టండి. యూదా ఉత్తర ఎల్ల తూర్పునుంచి పడమటికి నడుస్తుంది: యొర్దాను కొస, ఏన్షెమెషు, ఏన్‌రోగేలు, బెన్‌హిన్నోము లోయ, నెఫ్తోయ ఊట, కిర్యత్యారీము. బెన్యామీను దక్షిణ ఎల్ల అవే గుర్తులతో పడమటినుంచి తూర్పుకు తిరిగి నడుస్తుంది. ఇద్దరు పక్క రైతుల దస్తావేజుల్లో ఉమ్మడి గట్టు రాసినట్టు. ఆ గట్టు యెబూసీయుల ఊరికి, అంటే యెరూషలేముకు, దక్షిణంగా పోతుంది. కాబట్టి రికార్డు ప్రకారం యెరూషలేము బెన్యామీనుది (18:28). యెబూసీయులను వెళ్లగొట్టలేకపోయింది మాత్రం ఒకచోట యూదా (15:63), ఇంకోచోట బెన్యామీను (న్యాయాధిపతులు 1:21) అని ఉంటుంది. దావీదు పట్టుకున్నాక ఆ ఊరు ఏ గోత్రానిదీ కాక రాజు ఊరయింది.

పేర్లు ఒకేలా ఉండటం ఇంకో ఉచ్చు. జెబూలూనులోనూ ఒక బేత్లెహేము ఉంది (19:15). కెదెషు యూదాలో ఒకటి, నఫ్తాలిలో ఇంకోటి. అలాగే యెహెజ్కేలు 48లో దేశాన్ని తూర్పు పడమరలుగా సమాన పట్టీలు కోసి పంచిన దృశ్యాన్ని యెహోషువ పంపకంతో కలపొద్దు. అక్కడ రూబేను, గాదు కూడా నదికి పడమటే ఉంటాయి.

చివరగా దాను. రికార్డులో రాసుకున్నదీ చేతికొచ్చిందీ ఒకటి కాదని చాలా గోత్రాల విషయంలో కనబడుతుంది. గెజెరు ఎఫ్రాయిములో లేవీయుల పట్టణంగా జాబితాలో ఉంది, కానీ కనానీయులు అక్కడే ఉన్నారు. చివరికి ఫరో దాన్ని పట్టుకుని సొలొమోనును పెళ్లాడిన తన కూతురికి అరణంగా ఇచ్చాడు (1 రాజులు 9:16). దాను పరిస్థితి అన్నిటికంటే అన్యాయం. తలలు 64,400, యూదా తర్వాత రెండో పెద్ద గోత్రం. చీటీ అన్నిటికంటే చివర. పడ్డది యూదాకూ ఎఫ్రాయిముకూ మధ్య, సముద్రంవైపు దిగే పల్లపు నేల: జొర్యా, ఎష్తాయోలు, అయ్యాలోను, తిమ్నా, ఎక్రోను, యొప్పే ఎదుటి ప్రాంతం. జొర్యా, ఎష్తాయోలు, ఎక్రోను యూదా జాబితాలోనూ ఉన్నాయి. ఎక్రోను ఫిలిష్తీయుల ఐదు పట్టణాల్లో ఒకటి. నేల మంచిదే, ఖాళీగా లేదు. అమోరీయులు వాళ్లను మైదానంలోకి దిగనివ్వక కొండల్లోకి నెట్టారని న్యాయాధిపతులు 1:34.

దాంతో ఐదుగురిని వేగు పంపి, 600 మంది ఆయుధాలతో బయల్దేరి, హెర్మోను పాదాల దగ్గర నిశ్చింతగా బతుకుతున్న లాయిషు ఊరిని కాల్చి పట్టుకుని, దానికి దాను అని పేరు పెట్టారు (న్యాయాధిపతులు 18, యెహోషువ 19:47లో ఆ ఊరి పేరు లెషెము). జొర్యానుంచి తిన్నగా కొలిచినా 170 కిలోమీటర్లు పైన. మ్యాపులో రెండు దానులు అందుకే. కిందిది చీటీలో పడ్డది, పైది కత్తితో తెచ్చుకున్నది. కొందరు జొర్యా ఎష్తాయోలు దగ్గరే ఉండిపోయారు. సమ్సోను కథ మొదలయ్యేది ఆ కింది దానులోనే. మీరు మ్యాపు గీస్తుంటే కిందిదాన్ని చారల రంగుతో, పైదాన్ని ఒక్క చుక్కతో చూపించండి. దేశమంతా అనడానికి ‘దాను మొదలుకొని బెయేర్షెబా వరకు’ అనే మాట పుట్టింది ఆ చుక్క మీదే. అందులో ఒక కొస ఏ చీటీలోనూ పడని ఊరు, ఇంకో కొస ఇద్దరి జాబితాల్లోనూ ఉన్న ఊరు.